రిలేకు పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో మా ఇంటికి వార్తలు పూలతోపాటు వచ్చేవి. ఉప్పల్‌లో కొత్త స్టేడియం లేచింది కానీ మెట్రో స్తంభాలు ఇంకా మొలవలేదు. నాచారంలో చెరువు వైపు దిగే సందులో మాది ఆఖరి ఇల్లు. ఆ కొసదాకా రోజూ నడిచివచ్చేది పూలక్క ఒక్కతే కాబట్టి, లోకంలో ఏం జరిగినా ఆమె బుట్టలోంచే మాకు అందాలి. మా నెత్తిమీది రూములోకి మనిషి దిగాడన్న సంగతి నాకు మొదట చెప్పింది కూడా ఆమే. (మూర కొలిచాక చివర్లో ఒక పువ్వు ఊరికే కలిపేది. ఆ పువ్వుకు ఇప్పటికీ ఆమెకు దండం పెట్టుకుంటాను.)

"ఏం బిడ్డా, మీ మీద ఎవరో దిగిన్రు, ఎరికేనా?" అంది గేటు దగ్గర బుట్ట దించుతూ. "ఒక్కడే ముసలాయన. మంచం లేదు, గిన్నెలు లేవు, పెట్టెలనిండ వైర్లే. పొద్దుగాల్నే డాబా ఎక్కి ఈ కొసకెల్లి ఆ కొసకు తీగ గట్టిండు. బట్టలారేసుకోనీకి గంత ఎత్తుల ఎవరన్న గడ్తరా? నాకైతే మంచిగ కొడ్తలేదు."

"ఆంధ్రాయనట కదనే," అంది మా నాయనమ్మ తాపీగా. "ఆళ్ల పంచెలు పొడుగుంటయి. కింద తాకకుండ కట్టుకున్నడేమో తియ్యి."

అంతటితో ఆ తీగ విషయం మా ఇంట్లో పరిష్కారమైపోయింది. మేం కూడా ఆ ఇంట్లో కిరాయివాళ్లమే. ఇల్లుగలాయన ఉప్పల్‌లో ఉండేవాడు, నెల మొదట్లో తప్ప కనబడేవాడు కాదు. కాబట్టి మీద ఎవరు తీగ కట్టినా, ఎవరు పంచె ఆరేసినా అడిగే హక్కు మాకు లేదని నాయనమ్మ తీర్మానం.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. చిన్నప్పటినుంచీ నాకు ఉబ్బసం. సుద్దముక్క దుమ్ము పడదు, పొగ పడదు, పరుగు పడదు. అందుకని నేను బడికి పోలేదు, బడే మా వంటింటికి వచ్చింది. అమ్మ నన్ను గడప మీద కూర్చోబెట్టి, పోపు వేగేలోపు ఒక ఎక్కం, అన్నం ఉడికేలోపు ఒక పాఠం చెప్పేది. పదో తరగతి ప్రైవేటుగా కట్టి పాసైన ఏడాదే అమ్మ వెళ్లిపోయింది. దాంతో నాకు పంతులమ్మా పోయింది, స్నేహితురాలూ పోయింది, ఇద్దరూ ఒక్క మనిషే కావడం వల్ల. నాన్న మల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మొదట్నుంచీ తక్కువ మాట్లాడే మనిషి, అమ్మ పోయాక ఆ తక్కువలో కూడా పొదుపు మొదలుపెట్టాడు. మిగిలింది నాయనమ్మ. ఆమె మాట్లాడేది, వినేది కాదు. ఇరవై ఏళ్లు నిండేనాటికి నాతో కూర్చుని మాట్లాడే తీరిక ఉన్నది ఒక్క దేవుడికే. ఆయనకు నేను ఎప్పటికీ రుణపడి ఉన్నాను, విసుక్కోకుండా విన్నందుకు.

నాన్న డ్యూటీకి వెళ్లిపోయాక, పొద్దున్నే దీపం పెట్టి, అమ్మ నేర్పిన నాలుగు నామాలు చదువుకుని, ఆ తర్వాత పైకే మాట్లాడేదాన్ని. మా పూజగది అంటే గది కాదు, వంటింటి పక్క గూడు. అక్కడ నిలబడి ఒకరోజు అడిగాను: "స్వామీ, నాతోని మాట్లాడేటోళ్లు ఈ జన్మల ఒక్కరన్న దొరుకుతరా?"

"టక్" అని చప్పుడైంది.

సరిగ్గా నా నెత్తిమీద. హాల్లోంచి నాయనమ్మ నేలమీద వేలితో తట్టి, "సత్యం, సత్యం! ఏమడిగినవే బిడ్డా? బల్లి పలికింది!" అని అరిచింది. కాసేపటికి మళ్లీ "టక్". ఆ రోజు మేమిద్దరం ఎంత సంతోషంగా ఉన్నామంటే నాయనమ్మ సేమ్యా పాయసం కాచింది.

మర్నాడూ అదే వేళకు పలికింది. ఆ మర్నాడూ పలికింది. మా ఇంటి బల్లికి ఎంత క్రమశిక్షణ అంటే, దీపం వెలిగించిన కాసేపటికి మొదలుపెట్టి టిఫిను వేళకు ఆపేసేది. ఇంకేం, నాయనమ్మ సంసారం మొత్తం దాని చేతికి అప్పగించింది. చెంగిచెర్లలో ఉన్న చెల్లెలింటికి పోవాలా వద్దా అని అడగడం, "టక్" అనడం, ఈమె సంచి పట్టుకుని బయల్దేరడం. వారంలో ఇన్నిసార్లు అక్క రావడం చూసి ఆ చెల్లెలు పాపం, "ఏమన్న గొడవైందా అక్కా ఇంట్ల?" అని నాన్నకు ఫోన్ చేసింది కూడా. నేనూ తక్కువ తినలేదు. ఇంటర్ ప్రైవేటుగా కట్టాలా, జడ కత్తిరించుకోవాలా, పాలవాడు నీళ్లు కలుపుతున్నాడా, అన్నీ అడిగాను. అన్నిటికీ ఒకటే జవాబు. (జడ కత్తిరించుకున్నాను. దేవుడి మాట కదా.) ఇంతకూ బల్లి మాత్రం కనబడేది కాదు. పటాల వెనక వెతికాను, ట్యూబులైటు వెనక వెతికాను. దేవుడే కనబడడు, బల్లి కనబడాలా అని సరిపెట్టుకున్నాం.

మీది రూము తాతగారు ఆ నెలల్లో మాకు మెట్లమీద మాత్రమే తెలుసు. సన్నటి మనిషి, తెల్లటి బనీను, మెడలో తువ్వాలు. గోదావరి వైపు ఆయన. ఒక మాట చెప్పి ఆగేవారు, అవతలివాళ్లు పూర్తి చేశారని నమ్మకం కుదిరాకే మళ్లీ నోరు తెరిచేవారు. ఆ సందులో నాయనమ్మ రెండు ఊళ్ల సంగతులు చెప్పేసేది. ఒక్కోసారి ఆయన మాట చివర "ఓవర్" అనేవారు. "ట్యాంకులోకి నీళ్లు వస్తున్నాయి అక్కగారూ, ఓవర్" అంటే, నాయనమ్మ "అయితే మోటరు బంద్ జేయరాదయ్యా, నాకు జెప్తవేంది" అని గదమాయించేది.

ఒక ఉదయం నాయనమ్మ నన్ను శనగల ప్రసాదం ఇచ్చి రమ్మని మీదికి పంపింది. ఆ మెట్లెక్కడం నాకదే మొదటిసారి. మధ్యలో ఆగి ఊపిరి కూడదీసుకుని పైకి వెళ్తే, తలుపు తీసే ఉంది. తాతగారు నాకు వీపు పెట్టి బల్ల ముందు కూర్చున్నారు. బల్ల మీద ఇనప్పెట్టె అంత యంత్రం, దానికి మీటర్లు, ఆయన చేతిలో మైకు. మైకు పక్కన మీట నొక్కారు.

"టక్" అంది పెట్టె.

"సత్యం!" అన్నాను నేను, అలవాటు కొద్దీ, గట్టిగా.

ఆయన ఉలిక్కిపడి తిరిగారు. "ఏం సత్యమమ్మా?"

నేను ప్రసాదం గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా జడ, నాయనమ్మ చెంగిచెర్ల ప్రయాణాలు, పాలవాడి మీద నేను వేసిన నిందలు, అన్నీ ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి. గిన్నె బల్ల మీద పెట్టి అడిగాను. "తాతగారూ... మీరు రోజు ఇదే వేళకు గా మీట నొక్కుతరా?"

"నొక్కకుండా ఎలా మాట్లాడతానమ్మా? పొద్దున్నే మావాళ్లందరూ గాల్లో కలుస్తారు. హాజరు పిలుస్తారు. పలకాలి కదా?"

అలా తెలిసింది నాకు హామ్ రేడియో అనేదొకటి ఉందని. తంతి ఆఫీసులో పనిచేసి రిటైరైన తాతగారికి భార్యాబిడ్డలు లేరు. సర్కారు ఇచ్చిన లైసెన్సు ఉంది, డాబా మీద తీగ ఉంది, ఆ తీగ చివర దేశమంతటా ఒక పదిమంది ఉన్నారు. కోలారులో ఒక పెద్దాయన, ఉప్పల్ అవతల పీర్జాదిగూడలో ఒక స్కూటరు మెకానిక్కు, ఇంకా అలాంటివాళ్లు. కోలారు పెద్దాయనతో స్నేహం నా వయసు కంటే పాతది, కానీ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మేనల్లుడి ఇంట్లో ఉండమంటే, ఆ అపార్టుమెంటు పైన తీగ కట్టనివ్వరని ఈ ఊరికి వచ్చి, ఖాళీ డాబా కోసం ఈ రూము తీసుకున్నారట. పొద్దున్నే ఒకళ్లు తన పేరు పెట్టి పిలుస్తారు, తను "ఉన్నాను" అంటారు. ఆ ఒక్క మాట కోసం ఇంత పెట్టె మోసుకుని ఇంతదూరం వచ్చారు. నాకు నవ్వు రాలేదు. పొద్దున్నే ఎవరో పేరు పెట్టి పిలవడమంటే ఏమిటో నాకు తెలుసు.

కిందికొచ్చి నాయనమ్మకు భయపడుతూ చెప్పాను. ఆమె ఆలోచించింది. "అయితే ఏందే? బల్లిలకెల్లి పలికే దేవుడు రేడియోలకెల్లి పలుకొద్దా?" అంది. మర్నాడు కూడా "సత్యం" అంటూనే ఉంది.

ఆనాటి నుంచి నేను రోజూ మీదికి వెళ్లి ఆయన పక్కన పీట మీద కూర్చునేదాన్ని. "మాట్లాడ్డానికే లైసెన్సు కావాలి. నా పక్కన కూర్చుని వినడానికి ఏమక్కర్లేదు. విను" అనేవారు. విన్నాను. ఎక్కడెక్కడివో గొంతులు, రేడియోలో ఉరుముల్లా వచ్చే గరగర చప్పుడు మధ్య వాతావరణం చెప్పుకోవడం, మోకాళ్ల నొప్పులు చెప్పుకోవడం, "నాచారం ఉన్నారా?" అనడం, మా తాతగారు మీట నొక్కి "ఉన్నానండీ" అనడం. నన్నెవరూ పిలవకపోయినా, ఆ "నాచారం" అన్న మాటలో నాకూ కొంచెం వాటా ఉన్నట్టు అనిపించేది.

కొన్నాళ్లకు ఆ పాత పెట్టె ముసలిదైపోయింది. గొంతు ఉంది కానీ వినికిడి పోయింది. అప్పుడా పదిమందీ కలిసి, తాతగారికి చెప్పకుండా, అరచేతి వెడల్పున్న కొత్త సెట్టొకటి పంపించారు. పార్శిల్ విప్పి ఆయన చాలాసేపు దాన్ని తువ్వాలుతో తుడుస్తూ కూర్చున్నారు, దుమ్మేమీ లేకపోయినా. అయితే ఆ బుజ్జి సెట్టుకు గొంతు చిన్నది. పాత పెట్టెలో గొంతు పెంచే భాగం బాగానే ఉంది కాబట్టి రెండింటినీ కలపాలి. మాట్లాడేటప్పుడు డాబా మీది తీగను పెట్టెకు కలపాలి, వినేటప్పుడు పెట్టెను తప్పించి నేరుగా బుజ్జి సెట్టుకు కలపాలి. ఆ కలపడం, తప్పించడం చేసేదే రిలే. కరెంటు వస్తే ఇనప రేకుకు బిగించిన ఒక ఇత్తడి నాలుకను టక్కున లాక్కుని, కరెంటు పోతే టక్కున వదిలేసే స్విచ్చి. అంటే మా బల్లి.

"నేరుగ కలిపేస్తే అయిపోదా తాతగారూ?" అన్నాను.

"అయిపోతుంది, సెట్టు అయిపోతుంది" అన్నారు. "చూడమ్మా. ఈ కొత్త సెట్టు వెనకున్న స్విచ్చి పసిపిల్ల. మన రిలే దున్నపోతు. దున్నపోతు పలుపు పసిపిల్ల చేతికి ఇస్తామా? మధ్యలో ఒక గట్టి మనిషిని పెట్టాలి. పసిపిల్ల సైగ చేస్తుంది, ఆ మనిషి పలుపు లాగుతాడు. ఆ మనిషే ఇదిగో, ఈ ట్రాన్సిస్టరు. ఇంకొకటుంది. రిలేలో ఉన్నది తీగచుట్ట. దాంట్లో కరెంటు పారుతున్నంతసేపూ మర్యాదగానే ఉంటుంది. ఉన్నట్టుండి ఆపావా, వెనక్కి ఒక్క తన్ను తంతుంది. ఇచ్చినదానికి ఎన్నో రెట్లు. ఆ తన్నుకు ట్రాన్సిస్టరు చస్తుంది."

నాకు వెంటనే అర్థమైంది. మా నాయనమ్మను మాట మధ్యలో ఎవరైనా ఆపి చూడండి.

ఆ తన్ను కాచుకోవడానికి చుట్టకు అడ్డంగా ఒక డయోడు పెట్టాలి. బియ్యపుగింజకు పెద్దన్నలాంటి నల్లటి ముక్క, ఒక కొసన తెల్లటి పట్టీ. "పట్టీ ఉన్న వైపు ప్లస్సుకు. తిరగేస్తే రక్షించేదే కొంప ముంచుతుంది" అన్నారు. నల్లని ఒంటి మీద ఒకే ఒక్క విభూతి పట్టీ అని గుర్తుపెట్టుకున్నాను, ఈ జన్మకు మరిచిపోలేదు. తాతగారి చేతులు వణుకుతాయి, అతుకు పెట్టే కడ్డీ నిలవదు. అందుకని నా చేత పెట్టించారు. పొగ నాకు పడదని రెండు కిటికీలూ తెరిచి, టేబులు ఫ్యానును బయటివైపు తిప్పి, ప్రతి అతుకుకూ ముందు "ఊపిరి బాగుందా?" అని అడిగేవారు. అమ్మ తర్వాత నన్నామాట అడిగిన మనిషి ఆయనే. ఆ సరంజామా అంతా పెట్టడానికి డబ్బా కావాలంటే అమ్మ పౌడరు డబ్బా తెచ్చిచ్చాను. తీగలన్నీ ఇరికించాక కూడా మూత తెరిస్తే అమ్మ వాసనే వచ్చేది.

వెంటనే కొత్త సెట్టుకు తగిలించనిచ్చారా? లేదు. ముందు ప్లగ్గు తీయించారు. మీటరుతో ప్రతి అతుకూ చూశారు. ఉత్త బ్యాటరీతో మీట నొక్కించి, వదిలించి, ట్రాన్సిస్టరు వేడెక్కిందేమో నా వేలితో ముట్టించారు. పాత పెట్టె లోపలి కరెంటు గురించి ఎంత భయం చెప్పారంటే, ప్లగ్గు తీశాక కూడా కాసేపు ఆగి దండం పెట్టి మరీ ముట్టుకునేదాన్ని. చివరికి ఒక ఉదయం బుజ్జి సెట్టు మీట నొక్కితే, "టక్". కింద నుంచి "సత్యం!" ఇద్దరం నవ్వుకున్నాం. కోలారు పెద్దాయన గొంతు గదినిండా వచ్చింది: "నాచారం, మీ గొంతుకు వయసు తగ్గింది కదయ్యా!"

ఆ తర్వాత దసరా వచ్చింది.

ఆయుధపూజనాడు మా ఇంట్లో బొట్టు లేని వస్తువు ఉండకూడదని నాయనమ్మ చట్టం. కత్తిపీట, కుట్టుమిషను, నాన్న సైకిలు, మిక్సీ, చపాతీ కర్ర, అన్నిటికీ అయ్యాక నాకు మీది సెట్టు గుర్తొచ్చింది. తాతగారు జమ్మికి పోతూ మెట్లమీద ఎదురయ్యారు. "తాతగారూ, మీ సెట్టుకు కూడ పూజ జేస్తా" అంటే, "చెయ్యి తల్లీ, దానికి మాత్రం పండగ ఉండొద్దూ" అని తాళం చేతిలో పెట్టారు.

చేశాను. భక్తిశ్రద్ధలతో చేశాను. ముందు ప్లగ్గు తీశాను, కాసేపు ఆగాను, దండం పెట్టాను. (ఆయన నేర్పిన జాగ్రత్తల్లో ఒక్కటి కూడా తప్పలేదు. కరెంటు గురించే అన్నీ నేర్పారు, పసుపు గురించి ఏమీ చెప్పలేదు.) మైకుకు బొట్టు, మీటర్లకు బొట్టు, బుజ్జి సెట్టుకు బుజ్జి బొట్టు. గాలి ఆడాలని పాత పెట్టె పైమూత తీసిపెట్టారు. లోపల రిలే కనబడుతోంది. రోజూ అందరికంటే ఎక్కువ కష్టపడేది ఇదే కదా, నేనడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబిచ్చింది ఇదే కదా అని మనసు కరిగిపోయింది. పసుపు నీళ్లతో చిక్కగా కలిపి దాని ఇత్తడి నాలుకకు దిట్టంగా రాసి, గంధం పెట్టి, మధ్యలో కుంకుమ దిద్ది, ఒక చామంతి రేక అంటించి, కళ్లకద్దుకుని మూత పెట్టేశాను. తలుపుకు తాళం వేసి కిందికొచ్చేసరికి ఎంత తృప్తో చెప్పలేను.

మర్నాడు పొద్దున తాతగారు మీట నొక్కారు. టక్. "నమస్కారమండీ, నాచారం. అందరికీ దసరా శుభాకాంక్షలు." మీట వదిలారు. టక్. ఏమీ లేదు. రోజూ ఉండే ఉరుముల చప్పుడు కూడా లేదు. "గాలి బాగాలేదమ్మా ఇవాళ" అన్నారు. మర్నాడూ బాగాలేదు. ఆ మర్నాడూ. "ఎవరైనా ఉన్నారా అండీ?" అని అడగడం, వదలడం, ఎదురుచూడడం. మెడ ఒక పక్కకు వంచి, కళ్లు మూసుకుని వినేవారు. చివరికి "సరే, ఎవరూ లేరన్నమాట. సెలవు" అని కట్టేసేవారు. నేను పక్కన పీట మీద కూర్చుని మీటరు ముల్లు వైపు చూస్తుండేదాన్ని. పౌడరు డబ్బా విప్పి చూశాం, నా అతుకులన్నీ బాగానే ఉన్నాయి. రిలే టక్కుమంటూనే ఉంది కదా, ఆ పెట్టె మూత తీసి చూడాలని ఆయనకు తోచలేదు. నాకు అసలే తోచలేదు. పూజ చేసిన వస్తువును ఎవరైనా అనుమానిస్తారా?

"అందరం పెద్దవాళ్లమే కదమ్మా" అన్నారు ఒకరోజు, కిటికీలోంచి చెరువు వైపు చూస్తూ. "ఒక్కొక్కరే మానేస్తారు. చెప్పి మానేయడం ఎవరికీ కుదరదు."

గడ్డం గీసుకోవడం మానేశారు. పొద్దున పూట మీదినుంచి చప్పుడు రావడం ఆగిపోయింది. నేను దీపం పెట్టి, "స్వామీ, ఆయన సెట్టు బాగైతదా?" అని అడిగితే జవాబు లేదు. నాయనమ్మ చెంగిచెర్ల పోవడం మానేసి గోడకానుకుని కూర్చుంది. నాలుగు నామాలు చదువుకుంటే ఆ గూట్లో నా గొంతు నాకే వినబడేది. అమ్మ పోయిన కొత్తలో ఇల్లు ఎలా ఉండేదో మళ్లీ అలా అయింది.

తర్వాత ఒక సాయంత్రం తాతగారు మెట్లు దిగివచ్చి నాయనమ్మతో అన్నారు. "నెలాఖరుకు ఖాళీ చేస్తానండి అక్కగారూ. మేనల్లుడు రమ్మంటున్నాడు. అక్కడ తీగ కట్టనివ్వరు. ఇక తీగతో పనేముంది?" ఓవర్ అనలేదు. ఆమె మాట కోసం ఆగను కూడా లేదు.

ఆ ఆదివారం గేటు ముందు స్కూటరు ఆగింది. నూనె మరకల చొక్కా, చెవిలో పెన్సిలు. "అవ్వా, నాచారం సారుండేది ఈడనేనా? సారున్నడా? పానం మంచిగున్నదా?"

"ఉన్నడు. నువ్వెవరయ్యా?"

"పీర్జాదిగూడకెల్లి వచ్చిన. రేడియోల సారు దోస్తును." మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూనే మొదలుపెట్టాడు. "ఏంది సార్ ఇది! దసరా కాడికెల్లి పొద్దుగాల గొంతు చించుకుంటున్నం. మీరు 'ఎవరైనా ఉన్నారా' అంటరు, 'ఉన్నం సార్, ఉన్నం' అని అందరం ఒక్కసారే ఒర్రుతం, మీరు సల్లగ 'ఎవరూ లేరన్నమాట' అని బంద్ జేస్తరు! ఆ విజయవాడ సారైతే ఎన్నడో మీతోని పంచాయితీ అయిందట గదా, మీకు కోపమచ్చిందనుకొని రోజు మాఫీ అడుగుతుండు. మీకేమో ఫోన్ లేకపాయె, ఇగ మీ గొంతు కూడ రాకపోయేసరికి కోలారు పెద్దసారు ఫోన్ల ఏడ్సిండు సార్. 'పార్శిల్ పంపిన అడ్రసు పట్టుకొని ఆ ఇల్లెక్కడుందో దేవులాడి పో' అన్నడు. సందులన్నీ తిరిగి, తీగ జూసి పట్టిన."

తాతగారు కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూర్చున్నారు. "అంటే... మీరంతా ఉన్నారా?"

"ఏడికి పోతం సార్?"

స్కూటరన్న పెట్టె మూత ఎత్తాడు. లోపలికి తొంగిచూశాడు. నన్ను చూశాడు. మళ్లీ లోపలికి చూశాడు.

"సార్," అన్నాడు చాలా గంభీరంగా, "మీ రిలేకు పెండ్లి జేసిన్రా?"

ఎండి అట్టకట్టిన పసుపు, నిండు కుంకుమ, వాడిన చామంతి రేక. నాలుక పైకి లేచినప్పుడు బాగానే తగులుతోంది, అందుకని ఈయన మాట లోకమంతా పోతోంది. కిందికి దిగి బుజ్జి సెట్టుకు తగలాల్సిన చోట మాత్రం నా భక్తి గడ్డకట్టి కూర్చుంది. ఆ పది గొంతులూ రోజూ డాబా మీది తీగదాకా వచ్చి, పసుపు గోడకు తగిలి ఆగిపోయాయన్నమాట. నాకు ఊపిరి అందలేదు, ఈసారి ఉబ్బసం వల్ల కాదు. "తాతగారూ, నేనే... దానికి... అది రోజు కష్టపడ్తది కదా అని..."

ఆయన ముందు కళ్లు తుడుచుకున్నారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. శబ్దం లేకుండా, భుజాలు కదిలేలా, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని. "పసిపిల్లను కాపాడాం, ట్రాన్సిస్టరును కాపాడాం, వెనక్కి తన్నకుండా డయోడు పెట్టాం. పసుపుకు ఏం పెట్టాలో ఏ పుస్తకంలోనూ రాయలేదమ్మా!"

స్కూటరన్న కాగితం ముక్కను స్పిరిట్‌లో ముంచి తుడవబోతే గుమ్మంలోంచి నాయనమ్మ కేక వేసింది. "ఆగు పోరగా! పండుగనాడు పెట్టిన బొట్టును గట్ల గీకుతవా?" ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి, దండం పెట్టి, ఆ చామంతి రేకను తీసి తులసికోటలో వేసి వచ్చాకే మిగతా పని సాగింది. ఇంతకీ ప్లగ్గు తీశారా అని అడిగింది నేనే.

మర్నాడు పొద్దున ప్లగ్గు పెట్టారు. స్విచ్చి వేయగానే ముందు ఉరుముల చప్పుడు వచ్చింది. ఆ చప్పుడంత తియ్యటిది నేను వినలేదు. తర్వాత దూరం నుంచి, కన్నడం యాస కలిసిన ముసలి గొంతు: "నాచారం, నాచారం. వింటున్నారో లేదో తెలియదు. ఈ రోజూ పిలుస్తున్నాను."

తాతగారు మైకు తీసుకున్నారు. మీట నొక్కబోయి ఆగారు. నా వైపు చూశారు. నేను నొక్కాను. టక్. ఆయన "ఉన్నానండీ" అన్నారు. అంతే అనగలిగారు. కింద నుంచి "సత్యం!" అని వినబడింది. అది గాల్లోకి వెళ్లి కోలారుదాకా చేరిందని తర్వాత తెలిసింది.

మేనల్లుడికి రానని చెప్పేశారు. ఆ తర్వాత ప్రతి దసరాకు ముందు ఎక్కడెక్కడినుంచో గొంతులు నన్ను ఉద్దేశించి, "అమ్మాయ్, బొట్టు మూత మీదే!" అని హెచ్చరించేవి. నా పేరు వాళ్లెవరికీ తెలియదు. అయినా పొద్దున్నే నన్ను కూడా పిలిచేవాళ్లు ఉన్నారని నాకు ఎంత గర్వమో. ఆయన నేర్పిన అతుకులే నాకు మల్లాపూర్‌లో స్టెబిలైజర్లు చేసే చిన్న కంపెనీలో ఉద్యోగమయ్యాయి. పొగ బయటికి పోయేలా ఫ్యాను తిప్పుకుని మొదటిరోజు కూర్చున్నది ఇంకా గుర్తు.

రాష్ట్రం రెండయ్యే ముందటి చలికాలంలో తాతగారు వెళ్లిపోయారు. స్కూటరన్నే అన్నీ చూసుకున్నాడు. ఆ మర్నాడు హాజరు పిలిచేటప్పుడు "నాచారం" అని ఒకసారి పిలిచి, కాసేపు ఎవరూ మీట నొక్కకుండా ఊరుకున్నారట. కోలారు పెద్దాయనే అలా చేయమన్నాడట.

ఇప్పుడా మీది రూములో ఎవరో సాఫ్ట్‌వేర్ అబ్బాయిలున్నారు, చెవుల్లో ఏవో పెట్టుకుని తిరుగుతారు, చప్పుడే ఉండదు. నాయనమ్మ కూడా లేదు. రిలే నా దగ్గరే ఉంది, అమ్మ పౌడరు డబ్బా పక్కన, పూజ గూట్లో. దసరాకు బొట్టు ఆ డబ్బా మూత మీదే పెడుతున్నాను. గూట్లో ఈమధ్య నిజం బల్లి ఒకటి చేరింది. అది పలికినప్పుడల్లా, ఒకమ్మాయి దీపం ముందు నిలబడి కప్పు వైపు చూసి "నాతోని మాట్లాడేటోళ్లు దొరుకుతరా" అని అడగడం గుర్తొచ్చి నవ్వొస్తుంది. పిచ్చిపిల్ల, బల్లి పలికిందనుకుంది. జవాబు మాత్రం తప్పు రాలేదు.

ఇది చదివిన మీరు నాకొక్క సాయం చేయండి. మీ ఇంట్లో ఎప్పుడన్నా బల్లి పలికితే, "సత్యం" అనే ముందు, మా మీది రూము తాతగారిని ఒక్కసారి తలుచుకోండి. పొద్దున్నే ఎవరో ఒకరు పిలవాలని చూసే మనిషి ఆయన.